విరేచనాలు, మలబద్ధకం: సిగ్గుపడక అడిగి తెలుసుకోవలసిన సంగతులు

కొన్నేళ్ల క్రితం మా మదరసా వసతిగృహంలో తొమ్మిదేళ్ల అబ్బాయి ఒకడు ఉండేవాడు. చదువులో చురుకైనవాడు. కంఠపాఠంలో తోటివారికన్నా ఎప్పుడూ ఒక పుట ముందుండేవాడు. రంజాన్ సెలవులు ముగించుకొని తిరిగి వచ్చిన రెండు నెలలకు అతని దుస్తులు తరచుగా మలినం కావడం మొదలైంది. రోజుకు రెండు మూడుసార్లు పైజామాకు పలుచని మలం అంటుకొని ఉండేది. తోటి పిల్లలు ముక్కు మూసుకొని నవ్వేవారు. పక్కన పడుకొనేవారు తమ పరుపులు దూరంగా జరుపుకొన్నారు.

మేము మొదట మందలించాము, తరువాత గద్దించాము. ఇంత పెద్దవాడికి ఆ మాత్రం తెలియదా అన్నాము. విరేచనాలు అవుతున్నాయని తలచి వంటవానితో చెప్పి రెండు పూటలా పెరుగన్నం పెట్టించాము. మందుల దుకాణం నుంచి విరేచనాలు కట్టే మాత్రలు తెప్పించి ఇచ్చాము. తగ్గలేదు సరికదా, అబ్బాయి అన్నం తినడం మానివేశాడు. పొట్ట ఉబ్బింది. కబురు పంపగా తల్లి వచ్చింది.

పిల్లల వైద్యురాలి దగ్గరకు ఆమెతోపాటు మేమూ వెళ్లాము. వైద్యురాలు అడిగిన మొదటి ప్రశ్న ఇది: "చివరిసారి నిండుగా, సాఫీగా దొడ్డికి వెళ్లింది ఎప్పుడు నాన్నా?" తల్లికి తెలియదు. మాకు తెలియదు. అబ్బాయి తల దించుకొని, "పది రోజులు దాటింది" అన్నాడు. ఆమె పొట్ట నొక్కి చూశారు. మా వైపు తిరిగి ఇలా అన్నారు: "మౌల్వీ సాబ్, ఇవి విరేచనాలు కావు. ఇది మలబద్ధకం. గట్టిపడిన మలం పేగు చివర అడ్డంగా కూర్చుంది. దాని వెనుకనున్న పలుచని మలం పక్కల సందుల గుండా జారి కారిపోతున్నది. అది వీడికి తెలియకుండానే జరుగుతుంది. మీరిచ్చిన మాత్రలు ఆ అడ్డును ఇంకా బిగించాయి."

ఎందుకు ఆపుకున్నావని తల్లి అడిగితే అబ్బాయి మెల్లగా చెప్పాడు. తెల్లవారుజామున నలభైమంది పిల్లలకు నాలుగే మరుగుదొడ్లు. అందులో ఒకదానికి గడియ లేదు. వంతు వచ్చేలోగా జమాఅత్ వేళ అవుతుంది. పాఠం మధ్యలో అడిగితే ఉస్తాద్ కోప్పడతారు.

ఆ ఉస్తాద్ మేమే. మలమూత్రాల ఒత్తిడిని బిగబట్టుకొని నమాజుకు నిలబడరాదని, ముందు ఆ అవసరం తీర్చుకోవాలని ఫిఖ్‌హ్ పాఠంలో ఏటేటా చెప్పినదీ మేమే. అదే గదిలో అబ్బాయిని గంటల తరబడి బిగబట్టి కూర్చోబెట్టినదీ మేమే. ఆ రోజు నుంచి ఈ విషయాన్ని తెలుసుకోవడానికి వైద్యులను అడిగాము, చదివాము, మా వసతిగృహంలో ఆచరించాము. విరేచనాలు, మలబద్ధకం రెండూ ప్రతి ఇంటికీ వచ్చేవే. ఎక్కువసార్లు ఇంట్లోనే సరిదిద్దుకోగలిగినవే. అవి ముదిరి ప్రాణం మీదికి వచ్చేది చాలాసార్లు ఒకే కారణం వల్ల. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు, ఎవరూ చూడరు.

మామూలు ఏది, రోగం ఏది?

ప్రతిరోజూ ఉదయం ఒకసారి విరేచనం కావాలి, లేకుంటే రోగమేనని చాలామంది నమ్ముతారు. ఇది సరికాదు. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల వరకు ఆరోగ్యవంతులలో ఉండవచ్చు. తల్లిపాలు మాత్రమే తాగే పసిబిడ్డకు రోజుకు ఐదారుసార్లు పలుచగా కావచ్చు. నెల దాటిన తరువాత కొన్ని రోజులకు ఒకసారే కావచ్చు. బిడ్డ హాయిగా పాలు తాగుతూ, బరువు పెరుగుతూ, మలం మెత్తగా ఉంటే రెండూ మామూలే. కనుక లెక్క ఒక్కటే చూడరాదు. ఆ మనిషికి ముందున్న అలవాటు ఏమిటి, ఇప్పుడు వచ్చిన మార్పు ఏమిటి అన్నది చూడాలి.

ఇరవైనాలుగు గంటలలో మూడుసార్లు లేక అంతకు మించి పలుచగా, నీళ్లగా అయితే అవి విరేచనాలు. వారానికి మూడుసార్లకన్నా తక్కువ కావడం, మేకపెంటికల వలె గట్టిగా ఉండడం, ముక్కవలసి రావడం, అయిన తరువాత కూడా ఇంకా మిగిలి ఉన్నట్లు అనిపించడం మలబద్ధకం లక్షణాలు.

ఇంట్లో ఎవరికి బాధ కలిగినా ఐదు ప్రశ్నలు అడగాలి. ఎప్పటి నుంచి? ఎన్నిసార్లు? ఎలా ఉంది, నీళ్లగానా, జిగటగానా, గట్టిగానా? రక్తం కనిపించిందా? మూత్రం చివరిసారి ఎప్పుడు వచ్చింది? వైద్యుడి వద్దకు వెళ్లే ముందు ఈ ఐదింటికి సమాధానం సిద్ధంగా ఉంటే సగం పని అయినట్లే. పిల్లలను అడిగేటప్పుడు పదిమందిలో అడగరాదు. పక్కకు పిలిచి, భుజం మీద చేయి వేసి అడగాలి.

విరేచనాలలో ప్రాణం తీసేది ఏది?

విరేచనాలు దానంతట అవి ప్రాణం తీయవు. వాటి వెంట పోయే నీరు, ఉప్పు ప్రాణం తీస్తాయి. మన ఇళ్లలో ఇప్పటికీ కొందరు నానీలు, దాదీలు ప్రేమతోనే, "నీళ్లు పట్టకు, ఇంకా ఎక్కువవుతాయి" అంటారు. బిడ్డకు జరిగే కీడు ఆ మాటతోనే మొదలవుతుంది. నీరు ఇవ్వకుంటే విరేచనాలు ఆగవు, ఒళ్లు ఎండిపోతుంది.

ఎండిపోవడాన్ని తల్లి కళ్లతోనే పోల్చుకోవచ్చు. నోరు పిడచకట్టుకుపోవడం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం, కళ్లు లోతుకు పోవడం, బిడ్డ చిరాకుపడుతూ నీళ్లు చూడగానే ఆత్రంగా తాగడం తొలి గుర్తులు. పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి. మెల్లగా సర్దుకుంటే నీరు తగ్గినట్లు. రెండు సెకన్లు దాటినా ముడత అలాగే నిలిచి ఉంటే, బిడ్డ మత్తుగా పడి ఉంటే, తాగలేకపోతే అది ప్రాణాపాయ స్థితి. అప్పుడు ఇంటి వైద్యం కాదు, ఆసుపత్రి కావాలి.

పోయిన నీటిని, ఉప్పును తిరిగి ఇచ్చే మందు ఓ.ఆర్.ఎస్. ఉప్పు, గ్లూకోజు కలిసి ఉన్నప్పుడు పేగు గోడ వాటిని జంటగా లోపలికి లాక్కుంటుంది; వాటి వెంట నీరు కూడా వస్తుంది. విరేచనాలు జోరుగా అవుతున్నప్పుడు కూడా ఈ దారి మూసుకుపోదు. ఓ.ఆర్.ఎస్. పనిచేసే రహస్యం ఇంతే.

దీని విలువ లోకానికి తెలిసిన సందర్భం మన పొరుగునే ఉంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌కు తరలివచ్చారు. సరిహద్దులోని బన్‌గావ్ శిబిరంలో కలరా వ్యాపించింది. నరానికి ఎక్కించే సెలైన్ నిండుకుంది. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు నీటిలో కలిపి డ్రమ్ములలో నింపించి, రోగుల బంధువులతోనే తాగించారు. నూటికి ముప్పైమంది వరకు మరణిస్తున్న చోట ఆ సంఖ్య నాలుగుకు లోపునకు పడిపోయింది. ఆయన మరణానంతరం 2023లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. తరువాత 1980 నుంచి 1990 వరకు బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ మహిళా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి, మూడు వేళ్లతో చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం కొలిచి నీటిలో కలపడం కోటికి పైగా ఇళ్లలోని తల్లులకు నేర్పారు. ఆ శిబిరంలో మందు తాగించినది డాక్టర్లు కాదు, రోగుల ఇంటివారు. ఈ పని ఇంట్లో, తల్లి చేతిలో ఉన్నది.

ఓ.ఆర్.ఎస్. కలపడం, తాగించడం

లీటరు నీటికి కలిపే పెద్ద పొట్లాలు, 200 మిల్లీలీటర్లకు కలిపే చిన్న పొట్లాలు రెండూ దొరుకుతాయి. పొట్లం మీద ఏమి రాసి ఉందో చదివి అంత నీటిలోనే, పొట్లం మొత్తం ఒకేసారి కలపాలి. లీటరు పొట్లాన్ని ఒక గ్లాసు నీటిలో కలిపితే ఉప్పు ఎక్కువై కీడు చేస్తుంది. కొంచెం కొంచెంగా చెంచాతో తీసి కలపడమూ తప్పే. కాచి చల్లార్చిన నీరు వాడాలి. పంచదార అదనంగా వేయరాదు. కలిపినది 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఆశా కార్యకర్త వద్ద ఇది ఉచితంగా లభిస్తుంది.

ప్రతి పలుచని విరేచనం తరువాత రెండేళ్లలోపు బిడ్డకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండు నుంచి పదేళ్ల పిల్లలకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు, పెద్దలకు తాగగలిగినంత ఇవ్వాలి. చిన్నబిడ్డకు సీసాతో కాక చెంచాతో పట్టాలి. వాంతి చేసుకుంటే భయపడి మానివేయరాదు. పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకు ఒక చెంచా చొప్పున మళ్లీ మొదలుపెట్టాలి.

పొట్లం అందుబాటులో లేని రాత్రివేళ, లీటరు నీటికి ఆరు సమతల టీస్పూన్ల పంచదార, అర సమతల టీస్పూన్ ఉప్పు కలిపి ఇవ్వవచ్చు. ఉప్పు అంతకు మించరాదు. ఉప్పు వేసిన గంజి, పలుచని మజ్జిగ కూడా మంచివే.

అంగట్లో దొరికే తియ్యని పానీయాల విషయంలో జాగ్రత్త అవసరం. శీతల పానీయాలు, డబ్బా పండ్లరసాలు విరేచనాలను పెంచుతాయి. అందులోని చక్కెర నీటిని పేగులోకి లాగుతుంది. ఓ.ఆర్.ఎస్. అనే పేరు పెట్టుకొని అమ్మే తీపి పానీయాల మీద హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాల మీద ఆ పేరు వాడరాదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. కొనేటప్పుడు పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూసి తీసుకోవాలి.

జింకు, ఆహారం, మందులు

ఐదేళ్లలోపు పిల్లలకు ఓ.ఆర్.ఎస్.తో పాటు జింకు మాత్రలు 14 రోజులు ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన వారికి రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వారికి 10 మిల్లీగ్రాములు. విరేచనాలు మూడో రోజుకే తగ్గినా 14 రోజులు పూర్తిచేయాలి. దీనివల్ల ప్రస్తుత రోగం త్వరగా తగ్గుతుంది, తరువాతి నెలలలో మళ్లీ రావడమూ తగ్గుతుంది.

కడుపు మాడ్చరాదు. తల్లిపాలు ఆపరాదు, ఇంకా తరచుగా ఇవ్వాలి. మెత్తని ఖిచిడీ, పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు కొద్దికొద్దిగా పెడుతూ ఉండాలి. తగ్గిన తరువాత రెండు వారాలపాటు రోజుకు ఒక పూట అదనంగా పెడితే కోల్పోయిన బరువు తిరిగి వస్తుంది.

విరేచనాలు కట్టే మాత్రలు పిల్లలకు ఇవ్వరాదు. ఆంటీబయాటిక్ మాత్రలు దుకాణంలో అడిగి తెచ్చి వేయరాదు. పిల్లల నీళ్ల విరేచనాలలో ఎక్కువభాగం వైరస్ వల్ల వచ్చేవి. వాటి మీద ఆ మందులు పనిచేయవు. రక్త విరేచనాలకు, కలరాకు వైద్యుడు చూసి ఇస్తాడు. తేనె గురించి మమ్మల్ని చాలామంది అడుగుతారు. ఏడాది దాటిన పిల్లలకు, పెద్దలకు తేనె ఇవ్వడానికి అభ్యంతరం లేదు. అయితే అది ఓ.ఆర్.ఎస్.కు బదులు కాదు. ఏడాదిలోపు బిడ్డకు మాత్రం తేనె వద్దని వైద్యులు స్పష్టంగా చెబుతారు. దానిలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి పసిపేగులో విషాన్ని పుట్టించి కండరాలను చచ్చుబడేలా చేయగలదు.

మలంలో రక్తం, ఆగని వాంతులు, ఆరు గంటలకు పైగా మూత్రం రాకపోవడం, మత్తు, ఫిట్స్, తీవ్ర జ్వరం, రెండు నెలల లోపు బిడ్డకు విరేచనాలు: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి. స్పృహలో ఉండి తాగగలిగితే దారిలో కూడా చెంచాతో ఓ.ఆర్.ఎస్. పడుతూనే ఉండాలి. రెండు వారాలకు మించి సాగే విరేచనాలకు పరీక్షలు అవసరం. పెద్దలలో థైరాయిడ్ దోషం, పాలు సరిపడకపోవడం, మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ వంటి మందులు కూడా కారణం కావచ్చు.

రాకుండా చూసుకోవడం అన్నిటికన్నా మేలు. మనం నీటితో శుభ్రం చేసుకొనే వాళ్లం. అది మంచి అలవాటు. అయితే నీరు ఒక్కటే చేతి మీది క్రిమిని తీసివేయదు, సబ్బు కావాలి. ఇస్తింజా తరువాత, వంటకు ముందు, బిడ్డకు తినిపించే ముందు సబ్బుతో చేతులు కడగడం ఇంటి నియమం కావాలి. దావత్‌లో మిగిలిన బిర్యానీని రాత్రంతా బయట ఉంచి మరునాడు పంచరాదు. పసిపిల్లలకు 6, 10, 14 వారాలకు ప్రభుత్వం ఉచితంగా వేసే రోటావైరస్ చుక్కలు తప్పక వేయించాలి. ఈ టీకాలలో ఒకటైన రోటావ్యాక్ తయారైనది మన హైదరాబాదులోనే.

పిల్లలలో మలబద్ధకం

ఇది మూడు మలుపులలో మొదలవుతుంది: పాలు మాన్పించి అన్నం అలవాటు చేసేటప్పుడు, మరుగుదొడ్డి అలవాటు చేసేటప్పుడు, బడిలో చేరేటప్పుడు. ఒకసారి గట్టిగా అయి నొప్పి పుడుతుంది. ఆ నొప్పికి భయపడి బిడ్డ ఆపుకుంటుంది. ఆపుకున్న కొద్దీ మలంలోని నీటిని పేగు పీల్చివేస్తుంది, ఇంకా గట్టిపడుతుంది, మరుసటిసారి ఇంకా నొప్పి. క్రమంగా పేగు చివరి భాగం సాగిపోయి ఒత్తిడి తెలియకుండా పోతుంది. అప్పుడు మా అబ్బాయికి జరిగినట్లు తెలియకుండానే కారిపోతుంది. కాళ్లు బిగించి మూలన నిలబడడం, మునివేళ్ల మీద నిలుచోవడం, ముఖం ఎర్రబడడం చూసి తల్లులు ముక్కుతున్నాడనుకుంటారు. చాలాసార్లు బిడ్డ చేసేది ముక్కడం కాదు, బిగబట్టడం.

వైద్యం రెండు దశలు. మొదట పేరుకుపోయినదాన్ని మెత్తబరిచి ఖాళీ చేయించాలి. తరువాత మళ్లీ పేరుకోకుండా మలాన్ని మెత్తగా ఉంచే మందు, పాలిఇథిలీన్ గ్లైకాల్ గానీ లాక్టులోజ్ గానీ, వైద్యుడు చెప్పిన మోతాదులో కనీసం రెండు నెలలు వాడాలి. వారం రోజులకు సాఫీగా అయిందని మానివేయడమే చాలామంది చేసే పొరపాటు. సాగిన పేగు పూర్వస్థితికి రావడానికి నెలలు పడుతుంది. ఈ మందులు అలవాటుపడే మందులు కావు.

మందుతోపాటు అలవాటు ముఖ్యం. భోజనం కాగానే పేగు సహజంగా కదులుతుంది. ఆ సమయంలో రోజుకు రెండుసార్లు ఐదు నుంచి పది నిమిషాలు తొందరలేకుండా కూర్చోబెట్టాలి. కమోడ్ అయితే పాదాల కింద చిన్న పీట వేయాలి. కాళ్లు గాలిలో వేలాడుతుంటే బలం రాదు. రోజుకు అర లీటరుకు మించి పాలు తాగే పిల్లలకు పాలు తగ్గించి అన్నం, పప్పు, ఆకుకూర, జామ, బొప్పాయి పెంచాలి. దుస్తులు పాడైతే తిట్టరాదు, కొట్టరాదు, నలుగురిలో చెప్పరాదు. కూర్చున్నందుకు మెచ్చుకోవాలి.

నెలనెలా ఆముదం తాగించడం, తమలపాకు తొడిమనో సబ్బు ముక్కనో ఆసనంలో పెట్టడం మానుకోవాలి. వాటివల్ల గాయాలు, భయం మిగులుతాయి. పుట్టిన 48 గంటలలోపు మొదటి మలం రాకపోవడం, ఆకుపచ్చని వాంతి, పొట్ట బాగా ఉబ్బడం, బరువు పెరగకపోవడం, కాళ్లలో బలహీనత ఉంటే అది మామూలు మలబద్ధకం కాదు. వెంటనే చూపించాలి.

పెద్దలలో మలబద్ధకం

మన దస్తర్‌ఖాన్ మీద ఏముందో ఒకసారి చూసుకుందాం. ఉదయం చాయ్, రస్కులు. మధ్యాహ్నం తెల్లన్నం, సాలన్. రాత్రి మైదా రోటీ, మాంసం. వీటిలో పీచు ఎంత? మాంసంలో పీచు అసలే లేదు, మైదాలో నామమాత్రం. పెద్దవారికి రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి. జొన్నరొట్టె, పొట్టుతోకూడిన గోధుమరొట్టె, పప్పులు, శనగలు, గోంగూర, తోటకూర, జామ, అత్తిపండ్లు చేర్చుకోవాలి. ఒక్కసారిగా కాక వారం రెండు వారాలలో మెల్లగా పెంచితే కడుపుబ్బరం రాదు. నీరు, నడక కూడా తోడు కావాలి. ఇసబ్‌గోల్ మంచిదే, అయితే నిండు గ్లాసు నీటితో తీసుకోవాలి, లేకుంటే అదే అడ్డుపడవచ్చు.

వాడుతున్న మందులను కూడా చూడాలి. ఐరన్, కాల్షియం మాత్రలు, కొన్ని నొప్పి మందులు, కొన్ని రక్తపోటు, మానసిక వ్యాధుల మందులు మలబద్ధకం కలిగిస్తాయి. స్వయంగా మానివేయరాదు, వైద్యునికి చెప్పాలి. థైరాయిడ్ తక్కువగా ఉండడం, మధుమేహం, గర్భధారణ కూడా కారణాలు. వుజూ నిలుపుకోవాలని నీళ్లు తాగడమే తగ్గించే వృద్ధులను మేము చూశాము. వారికి చెప్పేది ఒక్కటే: వుజూ మళ్లీ చేసుకోవచ్చు, ఒంటిని కష్టపెట్టడం అక్కరలేదు.

జమాల్‌గోటా వంటి ఘాటైన జులాబులు ప్రమాదకరం. ఆహారంతో తీరకపోతే లాక్టులోజ్ వంటివి, అవసరమైతే బిసాకోడిల్ వంటివి వైద్యుని సలహాతో వాడవచ్చు. నలభై ఐదు, యాభై ఏళ్లు దాటిన తరువాత అలవాటు కొత్తగా మారినా, మలంలో రక్తం పడినా, బరువు తగ్గినా, రక్తహీనత కనిపించినా మొలలేనని సరిపెట్టుకోరాదు. పెద్దపేగు క్యాన్సర్ అలాగే మొదలుకావచ్చు. తొలిదశలో తెలిస్తే నయమయ్యే రోగం అది. పరీక్షకు సిగ్గుపడి ఏడాది జాగు చేయడమే ప్రమాదం.

మంచాన పడిన వృద్ధులకు పలుచని మలం కారుతుంటే మా అబ్బాయి సంగతి గుర్తుచేసుకోండి. చాలా రోజులుగా నిండుగా కాలేదా అని అడగండి. లోపల గట్టి అడ్డు ఉండి బయటికి నీళ్లగా కారుతుండవచ్చు. అడగకుండా విరేచనాలు కట్టే మాత్ర వేస్తే పేగు పూర్తిగా మూసుకుపోవచ్చు.

ఉపవాసం ఉన్నవారికి ఒక మాట

రంజాన్‌లో మలబద్ధకం చాలామందిని బాధిస్తుంది. నీటిని ఇఫ్తార్ వేళ ఒక్కసారిగా కాక సహరీ వరకు కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. పకోడీలు తగ్గించి ఖర్జూరం, పండ్లు, శనగలు, హలీంలో గోధుమలు, పప్పులు ఎక్కువగా ఉండేలా చూసుకోవాలి. తరావీహ్‌కు నడిచి వెళ్లడమూ మేలే.

ఉపవాసంలో నీళ్ల విరేచనాలు మొదలై ఒళ్లు ఎండిపోయే గుర్తులు కనిపిస్తే ఉపవాసం విరమించి ఓ.ఆర్.ఎస్. తాగాలి. వ్యాధిగ్రస్తునికి విరమించి, తరువాతి రోజులలో ఖజా చేసుకొనే అనుమతిని దివ్యఖుర్ఆన్ ఇచ్చింది. ఆ అనుమతిని స్వీకరించడం విశ్వాస లోపం కాదు. వృద్ధులు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, మధుమేహానికి మందులు వాడేవారు ఈ విషయంలో పట్టుదలకు పోరాదు. విరేచనాలు ఆగకుండా అవుతున్న రోగి నమాజు ఎలా చేయాలన్న సందేహానికి కూడా ధర్మశాస్త్రంలో వెసులుబాటు ఉంది. మాజూర్‌గా పరిగణింపబడేవారు హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం ప్రతి నమాజు వేళకు ఒక వుజూ చేసుకుంటే చాలు. తమ స్థితి ఆ కోవకు వస్తుందా అన్నది దగ్గరలోని ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి.

మా అబ్బాయి సంగతి

ఆ అబ్బాయికి నాలుగు నెలలు మందు వాడారు. మొదటి వారంలోనే పొట్ట మెత్తబడింది, ఆకలి వేసింది. దుస్తులు పాడుకావడం పూర్తిగా ఆగడానికి రెండు నెలలు పట్టింది. తరగతిలో అందరి ముందు గద్దించాము కనుక అందరి ముందే క్షమించమని అడిగాము. అది వాడి తప్పు కాదని, రోగమని, నవ్వినవారిది, తిట్టినవారిది తప్పని చెప్పాము. వాడేమీ అనలేదు. మరునాడు ఎప్పటిలాగే పాఠం అప్పజెప్పడానికి అందరికన్నా ముందు వచ్చి కూర్చున్నాడు.

మదరసాలో కొన్ని మార్పులు చేశాము. గడియలు వేయించాము. పెద్దల చందాలతో మరో మూడు మరుగుదొడ్లు కట్టించాము. ప్రతి కుళాయి దగ్గర సబ్బు ఉంచాము. పాఠం మధ్యలో వెళ్లదలచినవాడు నోటితో అడగనక్కరలేదు. లేచి వెళ్లి రావచ్చు. పాఠాలు చెడిపోతాయని తోటి ఉస్తాదులు భయపడ్డారు. చెడిపోలేదు. వంటగదిలో ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, లీటరు కొలత గల పాత్ర ఎప్పుడూ ఉంటాయి.

ఈ వ్యాసం చదివిన తల్లులు, తండ్రులు ఈ రోజే రెండు పనులు చేయవలసిందిగా కోరుతున్నాము. ఇంట్లో నాలుగు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు తెచ్చి అందరికీ తెలిసిన చోట పెట్టండి. రాత్రి పడుకొనే ముందు పిల్లలను, ఇంట్లోని వృద్ధులను పక్కకు పిలిచి, కడుపు సాఫీగా ఉందా అని ఒక్కమాట అడగండి. వసతిగృహంలో పిల్లలున్నవారు ఫోనులో అన్నం తిన్నావా అని అడిగినప్పుడు ఈ మాట కూడా అడగండి. మేము ఆ మాట అడగడానికి రెండు నెలలు ఆలస్యం చేశాము. ఆ రెండు నెలలు ఒక పసివాడు ఒంటరిగా అనుభవించాడు.